భూమి ఏ జాబితాలో ఉంది

ప్రపంచంలోని ప్రభుత్వాలన్నీ నాకు తెలుసు. గొప్పకు చెప్పడం కాదు, అదే నా బతుకుదెరువు. రెజిమెంటల్ బజార్‌లో ఒక స్టీలు సామాన్ల దుకాణం పైన, సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలకు జనరల్ నాలెడ్జి, పాలిటీ చెప్తాను. ఇరవై ఏళ్లు దాటింది. కింద గిన్నెలు మోగుతుంటాయి, పైన నేను అరుస్తుంటాను. స్విట్జర్లాండును ఏడుగురు కలిసి నడుపుతారు, అధ్యక్షుడు ఏడాదికొకరు మారతారు. బ్రిటన్‌కు ఒకచోట రాసిపెట్టుకున్న రాజ్యాంగం లేదు. దక్షిణాఫ్రికాకు మూడు రాజధానులు. అండోరా అని బుల్లి దేశముంది, దానికి ఇద్దరు రాజులు, వాళ్లలో ఒకరు ఫ్రాన్సు అధ్యక్షుడు. నిద్రలో లేపి అడిగినా ఇవన్నీ తడుముకోకుండా చెప్తాను. తడుముకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చాక్‌పీసు విసరడం మానేశాను గానీ మాట విసరడం ఇంకా మానలేదు.

ఇంత తెలిసిన మనిషిని, మా గల్లీ ఏ ప్రభుత్వానిదో మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు.

మేముండేది మౌలాలిలో, రైలు పట్టాల పక్కన. గల్లీకి ఇటువైపు మా అద్దె ఇల్లు, ఇంకో నాలుగు మిద్దెలు. అటువైపు, గల్లీకీ పట్టాల గోడకూ మధ్య మిగిలిన సన్నటి జాగాలో ఏడు రేకుల ఇళ్లు. వాటిలో మూడోది ఖాలాది. నాకు ఆమె రక్తసంబంధం కాదు. మేం ఈ గల్లీకి వచ్చిన కొత్తలో నాకు టైఫాయిడ్ వస్తే పది రోజులు గంజి కాచి తెచ్చింది, అప్పటినుంచి మా ఇంటిల్లిపాదికీ ఖాలాయే, అంటే పిన్నమ్మే. ఆమె భర్త లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి, రిటైరైన రెండేళ్లకే పోయాడు. పిల్లల్లేరు. అరుగు మీద కుట్టుమిషను వేసుకుని చీరలకు ఫాల్సు వేస్తుంది, బొంతలు కుడుతుంది. ఆ రెండు గదులనూ ఆయన డ్యూటీ దిగి వచ్చి సాయంత్రాల్లో సొంతంగా కట్టాడని, ప్రతి ఇటుకా తానే అందించానని నాకు వందసార్లు చెప్పి ఉంటుంది.

ఒకరోజు పొద్దున నేను బస్సుకు బయల్దేరుతుంటే ముగ్గురు మనుషులు వచ్చారు. ఇద్దరి చేతుల్లో టేపు, మూడో ఆయన చేతిలో ఎర్ర రంగు డబ్బా. పట్టాల గోడ నుంచి కొలుచుకుంటూ వచ్చి, ఒక్కో ఇంటి గోడ మీద ఒక్కో అంకె, దాని పక్కన ఒక బాణం గుర్తు వేస్తున్నారు. ఎవరినీ ఏమీ అనలేదు. ఎంతో మర్యాదగా ఉన్నారు. ఆ మర్యాదే నాకు నచ్చలేదు.

ఖాలా వాళ్లకు చెంబుతో నీళ్లిచ్చి, "జెర సక్కగ రాయి బిడ్డా, రంజాన్‌కే సున్నం ఏసిన," అంది.

"ఏ డిపార్ట్‌మెంట్ మీది? ఎందుకు రాస్తున్నరు?" అని నేను గల్లీ దాటి వెళ్లి గట్టిగా అడిగాను.

రంగు డబ్బా ఆయన నా మొహం కూడా చూడలేదు. "మాకు రాయమన్నరు మేడమ్, రాస్తున్నం. రాసేదే మా పని."

ఖాలా గోడ మీద మూడు అంకె పడింది. రంగు పలచగా ఉందేమో, అంకె అడుగు నుంచి చారలు కారి అరుగు దాకా వచ్చాయి. ఆమె తడిగుడ్డ తెచ్చి అరుగు మీద పడ్డ చుక్కలు తుడిచింది, గోడ మీది అంకె జోలికి పోలేదు.

నాలుగు రోజులకు నోటీసు అంటించి పోయారు. ఎప్పుడు వచ్చారో ఎవరూ చూడలేదు. ఏడు తలుపుల మీద ఏడు కాగితాలు, ఇంగ్లీషులో. ఖాలా దాన్ని చింపకుండా, గోరుతో జిగురు మెల్లగా గీకి ఊడదీసి నా దగ్గరికి తెచ్చింది. అందులో ఉన్నది ఇంతే: ఈ జాగా రైల్వేది, మీరు అనుమతి లేకుండా ఉంటున్నారు, మిమ్మల్ని ఎందుకు ఖాళీ చేయించకూడదో పదిహేను రోజుల్లోగా ఈ కింద సంతకం చేసిన అధికారికి జవాబివ్వండి.

నేను చదివి తెలుగులో చెప్పేలోపు ఆమె కొంగు చాటు నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో పసుపుపచ్చబడిన టైపు కాగితం. ఫలానా ఫిట్టరు పట్టాల పక్కన ఈ కొలతల జాగాలో ఇల్లు వేసుకుని కుటుంబంతో ఉండటానికి అనుమతి ఇవ్వడమైనదని, కింద గుండ్రటి స్టాంపు, సంతకం.

"మీ ఖాలూ చచ్చేదాంక దీన్ని పాణం లెక్క దాసిండు," అంది భర్తను తలుచుకుని. "లాలాగూడల ఆయన దోస్తు ఒకాయన ఉన్నడు, యూనియన్ల తిరుగుతడు. ఆయన్ని ఎంబడి తీస్కపోయి, ఆఫీసర్‌కు సలాం కొట్టి, గీ కాయితం చూపెట్టి వస్త బిడ్డా. పెద్ద మనుషులే గద, సమజ్ చేస్కుంటరు."

ఆ మాట విన్నాక నేను నోరు మూసుకుని "సరే, పోయిరా ఖాలా" అని ఉంటే ఈ రోజు ఇది రాయాల్సిన పని ఉండేది కాదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అది నా కోసమే పుట్టిన సామెత.

"అస్సలు పోవద్దు," అన్నాను. "వాళ్ల దగ్గరికి పోయి జవాబిచ్చినవనుకో, ఇది రైల్వే భూమి అని నువ్వే ఒప్పుకున్నట్టు. ఇగ ఈ కాయితం చూపెట్టినవంటే పక్కా ఒప్పుకున్నట్టే. అనుమతి అడుక్కున్నరంటే భూమి వాళ్లదనే కదా! భూమి ఎవరిదో చెప్పేది రైల్వే కాదు ఖాలా, రాష్ట్ర సర్కారు. రికార్డులు రెవెన్యూ ఆఫీసుల ఉంటయి. మనం ఆడికి పోదాం."

ఎందుకంత ధైర్యంగా చెప్పానంటే, అది నా నోటికి అంతగా అలవాటైన పాఠం. భూమి, రాష్ట్ర జాబితా, పద్దెనిమిదో అంశం. రైల్వేలు, కేంద్ర జాబితా, ఇరవై రెండో అంశం. ప్రతి బ్యాచ్‌కూ చెప్తాను. దాని తర్వాత సహజ న్యాయ సూత్రం చెప్తాను: ఎవరూ తమ కేసుకు తామే జడ్జి కాకూడదు. భూమి నాదన్న రైల్వేయే అది ఎవరిదో తేలుస్తానంటే ఎట్లా కుదురుతుంది? నా లెక్కలో అది తప్పు ఆప్షన్. నేను కొట్టేశాను.

ఖాలా ఆ కాగితాన్ని మళ్లీ కవర్లో పెడుతూ, "నీకు దునియాల ఉన్న సర్కార్లన్నీ ఎర్కే. నువ్వు వద్దంటే వద్దు," అంది.

ఆ సాయంత్రం మా ఆయన టీ తాగుతూ అన్నాడు: "ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నరు పెద్దలు. నువ్వు అండోరా గెలిచినవు గానీ, మౌలాలి సంగతి జెర చూస్కో. ఆ ముసలామె ఇల్లది. మనది కాదు."

ఆయన మీద ఇంతెత్తున లేచాను. రెండు రోజులు మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ కూర్చుని నాలుగు పేజీల అర్జీ రాశాను. ఎంత బాగా రాశానంటే, రాసి రెండుసార్లు పైకి చదువుకుని మురిసిపోయాను. రెవెన్యూ ఆఫీసుకు ఖాలాను వెంటబెట్టుకుని పోయి ఇచ్చాను, ముట్టినట్టు స్టాంపు వేయించుకున్నాను. బయటికి వస్తూ, "స్టాంపు పడ్డది, ఇగ ఫికర్ చెయ్యకు. ఎవరొచ్చినా ఏం మాట్లాడకు. నేను చెప్పేదాంక ఆ కాయితం ఎవ్వలకు చూపెట్టకు," అని ఆమెతో ఒట్టు వేయించుకున్నాను. ఆమె నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసింది.

మిగతా ఆరిళ్లవాళ్లు ఏ దారీ తెలియక నోటీసులో ఉన్న అడ్రసుకే పోయారు. అందరూ కలిసి ఆటోలెక్కి, తాతల నాటి రసీదులు, రేషన్ కార్డులు, చేతికి దొరికిందల్లా పట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడి వచ్చారు. నాకు నవ్వొచ్చింది. గొర్రెల మంద, పోయి పోయి కసాయోడికే మొర పెట్టుకున్నారు అని మా ఆయనతో అన్నాను కూడా. ఈ మాట దాచుకోవచ్చు, కానీ దాచుకోబుద్ధి కావడం లేదు.

ఆ తర్వాత మా గల్లీలో చప్పుడు తగ్గిపోయింది. ప్రభుత్వం కూలిపోవడం గురించి నేను పాఠాలు చెప్పాను. సైనిక కుట్రలు, అవిశ్వాస తీర్మానాలు, అన్నీ పెద్ద చప్పుడుతో జరిగేవి. ప్రభుత్వం మన ఇంటి మీదికి రావడం ఎట్లా ఉంటుందో మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. అది కొంచెం కొంచెంగా వస్తుంది. నోటీసు అంటించిన తొమ్మిదో రోజు ఒకాయన వచ్చి ఏడిళ్లనూ ఫోన్లో ఫోటోలు తీసుకుని పోయాడు. పన్నెండో రోజు చేతిలో ఫైలుతో ఇంకొకాయన ఇంటింటికీ ఆగి, "ఏమన్నా కాయితాలున్నయా అమ్మా?" అని అడిగాడు. ఖాలా నా మాట ప్రకారం తలుపు వేసుకుంది. నేను మా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఆయన ఆమె తలుపు రెండుసార్లు కొట్టాడు, కాసేపు ఆగాడు, ఫైల్లో ఏదో రాసుకున్నాడు. శభాష్ ఖాలా అనుకున్నాను.

పదిహేనో రోజు గడిచింది. ఏమీ కాలేదు. ఖాలా సేమియా చేసి పంపింది, నేను తిన్నాను.

ఇరవయ్యో రోజు మధ్యాహ్నం కరెంటువాళ్లు వచ్చి ఆమె మీటరు ఒక్కటే విప్పుకుని పోయారు. అటు రెండో నంబరు ఇల్లు, ఇటు నాలుగో నంబరు ఇల్లు, వాటి మీటర్లు తిరుగుతూనే ఉన్నాయి. మర్నాడు ఇల్లు ఖాళీ చేయమని ఆర్డరు వచ్చింది. గడువులోగా జవాబు ఏదీ రానందున, మీరు చెప్పుకునేది ఏమీ లేదని భావించడమైనదని అందులో రాసి ఉంది. చెప్పుకునేది ఏమీ లేదట! ఆ వాక్యం నేను పదిసార్లు చదివాను.

క్లాసు ఎగ్గొట్టి రెవెన్యూ ఆఫీసుకు పరుగెత్తాను. అక్కడి సీటులో ఉన్న అబ్బాయి నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"మేడమ్, నమస్తే. యాది లేదా? మీ స్టూడెంట్‌నే. కూసోండి మేడమ్."

నాకు గుర్తులేదు. గుర్తున్నట్టు తల ఊపి అర్జీ సంగతి అడిగాను. అతను కంప్యూటర్లో చూసి, ఒక కట్ట విప్పి, మళ్లీ కట్టాడు.

"మేడమ్, ఇది రైల్వే భూమి కద. రికార్డుల వాళ్ల పేరే ఉన్నది. మాకెందుకిచ్చిన్రు? మేము వాళ్లకే పంపించినం."

"ఎప్పుడు?"

"మొన్న."

"భూమి రాష్ట్ర జాబితా కదా?" అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది.

అతను ఇబ్బందిగా నవ్వాడు. "అది పరీక్షల మేడమ్. నాకు గదే బిట్టు వచ్చింది, మీరు చెప్పిందే. అర మార్కుల కొట్టిన నౌకరి. కానీ ఈడ అట్ల ఉండదు. గోడ మీద ఎవరు రాసిన్రో జవాబు వాళ్లకే ఇయ్యాలె." టీ తెప్పిస్తానన్నాడు. నేను మెట్లు దిగివచ్చేశాను.

మర్నాడు ఖాలా దగ్గర ఆ ప్లాస్టిక్ కవరు తీసుకుని, నోటీసు మీద సంతకం చేసిన అధికారి దగ్గరికి పోయాను. ఆయన నా వయసువాడే, కళ్లజోడు పైకి నెట్టుకుని కాగితం అటూ ఇటూ తిప్పి శ్రద్ధగా చూశాడు.

"మంచి కాయితం మేడమ్. ఇసొంటిదే ఇంకో ముగ్గురు తెచ్చిన్రు. వాళ్ల ఫైళ్లు పక్కకు పెట్టినం, ఇప్పట్ల కదలయి. మీరు గడువుల ఎందుకు తేలేదు? మా మనిషిని ఇంటికి సుత పంపిన. తలుపు తియ్యలేదని రాసిండు."

"ఇప్పుడు చూడండి సార్. ఇప్పుడు తెచ్చిన కదా."

"ఆర్డర్ ఇచ్చేసిన. ఇచ్చినంక నా చేతుల ఉండదు. కోర్టుకు పోవాలె."

నాకు కోపం ఆగలేదు. "భూమి మాదనేది మీరే, తీర్పు చెప్పేది మీరే. ఇదేం న్యాయం? ఏ దేశంల ఉంది గిట్ల?"

ఆయన నొచ్చుకోలేదు. "చట్టం గట్లనే ఉన్నది మేడమ్," అని కాగితాన్ని కవర్లో పెట్టి, రెండు చేతులతో నాకు తిరిగి ఇచ్చాడు.

దొరికిన వకీలు స్టే అడుగుతానన్నాడు, సోమవారం రమ్మన్నాడు. వాళ్లు శనివారం వచ్చారు.

పొద్దున ఏడున్నరకు పసుపుపచ్చ జేసీబీ గల్లీ మొదట్లో ఇరుక్కుని, వెనక్కీ ముందుకూ ఆడి, చివరికి లోపలికి వచ్చింది. వెంట ఇద్దరు ఆడ పోలీసులు. సామాన్లు తీసుకోవడానికి గంట టైమిచ్చారు. ఖాలాకు ముప్పావు గంట చాలింది. కుట్టుమిషను, ట్రంకుపెట్టె, గిన్నెలు, ఇంకా కుట్టడం పూర్తికాని ఎవరిదో బొంత. అన్నీ మా మెట్ల మీద పెట్టాం. రెండో ఇంటివాళ్లూ నాలుగో ఇంటివాళ్లూ తమ గుమ్మాల్లో నిలబడి చూస్తున్నారు. నా వైపు ఎవరూ చూడలేదు, చూసి ఉంటే నేనెక్కడ దాక్కునేదాన్నో తెలియదు. మూడు అంకె ఉన్న గోడ మొదట పడింది.

స్విట్జర్లాండులో కొన్నిచోట్ల జనమంతా మైదానంలో చేరి చేతులెత్తి ఓటేసి నిర్ణయాలు చేస్తారని చెప్పేటప్పుడు నా క్లాసులో ఎప్పుడూ ఎవరో ఒకరు ఈల వేస్తారు. ఆ రోజు మా గల్లీలో కూడా అందరం నిలబడ్డాం. ఎవరి చెయ్యీ లేవలేదు.

"నన్ను తిట్టు ఖాలా," అన్నాను. మెట్ల మీద ఆమె పక్కన కూర్చుని భోరున ఏడ్చాను. "నువ్వు పోతనంటే నేనే ఆపితిని. నీ ఇల్లు నేనే కూలగొట్టిన. తిట్టు, కొట్టు, ఏమన్నా చెయ్యి."

ఆమె నా చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. "నువ్వు నా మంచికే చెప్తివి. గిన్ని సర్కార్లుంటే ఏదేందో ఎవలకు యాదికుంటది? నసీబ్ల లేదు బిడ్డా." తిట్టి ఉంటే బాగుండేదని నేను ఇప్పటికీ అనుకుంటాను. సాయంత్రం బొల్లారం నుంచి ఆమె చెల్లెలు ట్రాలీ ఆటోతో వచ్చి తీసుకుపోయింది. ఆ చెల్లెలు కూడా భర్త పోయిన మనిషే, ఇల్లు మాత్రం సొంతం.

కాగితాలున్న ఆ మూడిళ్లూ ఈ రోజుకీ ఉన్నాయి. జవాబిచ్చిన మిగతా మూడిటి విచారణ ఇంకా నడుస్తూనే ఉంది. మధ్యలో ఖాలా ఇంటి జాగాలో ఇనుప కమ్మీ పాతి, దానికి ఎర్ర రంగు వేశారు. నేను రోజూ దాని ముందు నుంచే బస్సుకు పోతాను.

కొత్త బ్యాచ్ మొదలైంది. జాబితాల పాఠం ఎంత వెనక్కి నెట్టినా వచ్చే రోజు వచ్చింది. భూమి ఏ జాబితా అని అడిగితే క్లాసంతా ఒక్క గొంతుతో రాష్ట్ర జాబితా అంది. మూడో బెంచీలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది.

"మేడమ్, మరి రైల్వేవాళ్ల భూమైతే?"

నేను బోర్డు వైపు తిరిగి, రాసిందంతా తుడిచాను. "సిలబస్‌లో లేదు," అని చెప్పి తర్వాతి పేజీ తిప్పమన్నాను.

ఆ రోజే, క్లాసు అయ్యాక మెట్లు దిగుతుంటే ఫోను మోగింది. ఖాలా. పండక్కి తప్ప ఆమె ఫోను చేయదు. మా ఆయన ఆరోగ్యం అడిగింది, నా మోకాళ్ల నొప్పి అడిగింది. తర్వాత గొంతు తగ్గించింది.

"బిడ్డా, ఈడ మా చెల్లె గోడ మీద సుత అంకె ఏసిపోయిన్రు. ఎర్ర రంగే. పక్కన బాణం ఉన్నది. తర్వాత కాయితం సుత అంటిచ్చిన్రు. ఇది ఏ సర్కారుదో జెర వచ్చి చూస్తవా?"

దుకాణంలో ఎవరో గిన్నెల దొంతర కింద పడేశారు. ఆ చప్పుడు ఆగేదాకా నేను మెట్ల మీదే నిలబడ్డాను.

"ఎన్ని దినాలైంది ఖాలా, కాయితం అంటించి?"

"పన్నెండు దినాలాయె. నీకు పరీక్షల పని ఉంటదని తక్లీఫ్ ఇయ్యలే."

"ఎవరికన్నా జవాబిచ్చిన్రా? మీ చెల్లె ఇంటి కాయితాలు చూపెట్టిన్రా?"

"లేదు బిడ్డా. మా చెల్లె పట్కపోత, చూపెట్టొస్త అని ఒక్కటే లొల్లి. నేనే పోనియ్యలే. నువ్వు చెప్పేదాంక ఎవ్వలకు చూపెట్టద్దని నీ నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేస్తి గద."